దస్త్రముల దొర: ‘జె. ఎడ్గార్’ చిత్రములోని హూవర్

ఓబులదేవరచెరువు, కదిరి, గోరంట్ల ప్రాంతములలో కరణీకము నడచిన దినములను ఎరిగిన పెద్దలు ఇంకను ఉన్నారు. ఆనాడు గ్రామమునకు అధికారులు ఇద్దరు. మునసబు గొంతెత్తి మాటాడువాడు. కరణము తలవంచుకొని వ్రాయువాడు. మునసబు కేక రచ్చబండ దాటునప్పటికి సగము చల్లారెడిది. కరణము అడంగలులో వ్రాసిన అక్షరము మాత్రము తాతనాటి నుండి మనుమని నాటి వరకు చెక్కుచెదరక నిలిచెడిది. ఏ మడికి చెరువు నీటిపై ఎంత హక్కు, ఏ గట్టు ఎవరిది, ఏ శిస్తు ఎవరి పేర నిలువ ఉన్నది అను సంగతులన్నియు ఆ దస్త్రపు మూటలో ఉండెడివి. ఆ మూట విప్పి చూపుమని అడుగగల ధైర్యము కలవాడు ఊరిలో అరుదు. సుమతీ శతకకారుడు కరణముల విషయమున పనిగట్టుకొని పద్యములు చెప్పుటకు కారణము ఇదియే కాబోలు.

1984లో ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసినది. దస్త్రమునకు గల మహిమ మాత్రము రద్దు కాలేదు. రాయలసీమలో ‘రౌడీషీటు’ అను మాట బడిపిల్లలకు కూడ తెలియును. ఒకసారి ఆ కాగితము మీద పేరు ఎక్కినవానికి, ఎన్నికలు వచ్చినను, జాతర వచ్చినను, ఠాణా నుండి పిలుపు వచ్చును. వాడు మారినాడా లేదా అన్న ప్రశ్న కాగితమునకు పట్టదు. లాఠీ దెబ్బ నాలుగు దినములలో మానును. కాగితపు దెబ్బ మానునది కాదు.

ఈ కాగితపు మహిమను గ్రామపు పొలిమేర దాటించి ఒక మహాదేశమంతటికి విస్తరింపజేసినవాడు జాన్ ఎడ్గార్ హూవర్. అమెరికా సమైక్య నేరపరిశోధక శాఖకు, అనగా లోకము ‘ఎఫ్.బి.ఐ.’ అని పిలుచు సంస్థకు, అతడు 48 సంవత్సరములు అధిపతి. కూలిడ్జి మొదలు నిక్సను వరకు ఎనిమిది మంది అధ్యక్షులు వచ్చినారు, పోయినారు. హూవర్ మాత్రము కుర్చీ నుండి లేవలేదు. (వీరిలో ఒకడైన హెర్బర్టు హూవర్ వేరు, ఇద్దరి ఇంటిపేరు ఒక్కటే గాని బంధుత్వము లేదు.) అతని జీవితమును ఆధారముగా చేసికొని క్లింట్ ఈస్ట్‌వుడ్ నిర్మించి దర్శకత్వము వహించిన ‘జె. ఎడ్గార్’ 2011 నవంబరులో విడుదలైనది. డస్టిన్ లాన్స్ బ్లాక్ కథా సంవిధానము సమకూర్చినాడు. హూవర్ పాత్రను లియొనార్డో డికాప్రియో ధరించినాడు. ఇరువదియేండ్ల ప్రాయము చిల్లర నుండి డెబ్బదియేడవ ఏట మరణము వరకు ఒకే నటుడు మోసిన పాత్ర అది.

తుపాకులు, వేటలు, కారుల పరుగులు ఆశించి ఈ చిత్రము చూడబోవువానికి నిరాశ తప్పదు. ఇందలి అతి ముఖ్యమైన సన్నివేశము ఒక గ్రంథాలయములో జరుగును. యువకుడైన హూవర్ కార్యాలయములో కొత్తగా చేరిన హెలెన్ గాండీ అను యువతిని వెంటబెట్టుకొని వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమునకు వచ్చును. అక్కడి కార్డుల పెట్టెలు చూపి, ఏదైన ఒక విషయము చెప్పుమనును. ఆమె చెప్పిన విషయమునకు సంబంధించిన పుస్తకమును కార్డుల సాయమున క్షణములలో వెదకి తెచ్చును. ఇట్లే దేశములోని ప్రతి మనిషికి ఒక కార్డు ఉన్నచో నేరస్థుని పట్టుట ఎంత సులభమో చూడుమని ఆమెతో ఉత్సాహముగా చెప్పును. అంతటితో ఆగక, ఆ కార్డుపెట్టెల నడుమనే మోకరించి తన్ను వివాహమాడుమని అడుగును. ఆమె కాదనును. అట్లయిన నాకు కార్యదర్శిగా ఉండుమనును. దానికి ఆమె ఒప్పుకొనును. పెండ్లికి దొరకనిది ఉద్యోగమునకు దొరికినది. ఆమె ఆ కొలువులో జీవితమంతయు గడిపినది.

ఆ సంభాషణ కల్పన కావచ్చును గాని, దాని వెనుకనున్న విషయము చరిత్రయే. హూవర్ 1895 జనవరి 1న వాషింగ్టనులో పుట్టినాడు. పగలు కాంగ్రెసు గ్రంథాలయములో చిన్న ఉద్యోగము చేయుచు, సాయంకాలపు తరగతులలో న్యాయశాస్త్రము చదివినాడు. 1917లో న్యాయశాఖలో గుమాస్తాగా చేరినాడు. గ్రంథాలయములో పుస్తకములను వర్గీకరించు పద్ధతి అతని మనస్సులో నాటుకొన్నది. పుస్తకమునకు బదులు మనిషి. గ్రంథకర్త పేరునకు బదులు మనిషి చేరిన సంఘము, చేసిన ప్రసంగము, కలిసిన మిత్రులు. 1919 జూన్ 2 రాత్రి న్యాయశాఖాధిపతి పామర్ ఇంటిమీద బాంబు పడినది. చిత్రములో యువకుడైన హూవర్ సైకిలు తొక్కుకొని ఆ స్థలమునకు పోయి, వీధిలో చెల్లాచెదరుగా పడిన సాక్ష్యమును ఎవరును భద్రపరచకుండుట చూచి విస్తుపోవును. ఆ యేడే ఇరువదినాలుగేండ్ల అతనికి విప్లవవాదులపై నిఘా వేయు విభాగము అప్పగింపబడినది. కార్డులు వేలు దాటి లక్షలయినవి. 1919 డిసెంబరు 21న బ్యూఫర్డు అను ఓడ మీద 249 మందిని రష్యాకు పంపివేసినారు. వారిలో ఎమ్మా గోల్డ్‌మన్ ఉన్నది. ఆమెను దేశమునుండి వెడలగొట్టవలెనని అధికారుల ముందు వాదించినవాడు హూవరే. వెంటనే జరిగిన దాడులలో వేలమంది వారంటు కూడ లేకుండ నిర్బంధింపబడినారు. కార్డు మీద పేరు ఉండుటయే నేరమైనది.

ఇంతటి ఆరంభము చూచి, అతడు చేసినదంతయు చెడుగే అనుకొనుట తొందరపాటు. 1924 మే 10న అతడు తాత్కాలికముగా శాఖాధిపతి అయినప్పుడు ఆ శాఖ సిఫారసులతో చేరినవారికి ఆటపట్టు. న్యాయశాస్త్రమో గణకశాస్త్రమో చదివినవారికే ఉద్యోగములిచ్చు పద్ధతిని హూవర్ గట్టిగా నెలకొల్పినాడు. వేలిముద్రలను ఒక్కచోట చేర్చినాడు. 1932లో శాస్త్రీయ పరిశోధనశాలను తెరిచినాడు. అనుమానితుని కొట్టి నేరము ఒప్పించుట కంటె వెంట్రుకను, నూలుపోగును, కొయ్యముక్కను పరీక్షించి నేరము రుజువు చేయుట మేలని పోలీసు లోకమునకు బోధించుటలో అతని పాత్ర చిన్నది కాదు. ఇది నేటికిని మన ఠాణాలన్నింటికి పూర్తిగా అందని పాఠము.

చిత్రములో ఈ మేలు అంతయు లిండ్‌బర్గు శిశువు కేసు చుట్టు అల్లబడినది. అట్లాంటిక్ సముద్రమును ఒంటరిగా విమానములో దాటిన వీరుడు చార్లెస్ లిండ్‌బర్గు. అతని పసిబిడ్డను 1932 మార్చి 1న ఎవరో ఎత్తుకొనిపోయినారు. 50,000 డాలర్లు ముట్టజెప్పినను బిడ్డ దక్కలేదు. మే 12న మృతదేహము దొరికినది. దొంగ వాడిన నిచ్చెన కొయ్యను పరీక్షించి, అది ఏ మరలో కోయబడినదో ఆర్థర్ కోలర్ అను దారుశాస్త్రజ్ఞుడు నిర్ణయించిన వైనము చిత్రములో ఆసక్తికరముగా ఉన్నది. చివరకు 1934 సెప్టెంబరులో హాప్ట్‌మన్ అనువాడు దొరికినాడు. దొరికినది ఎట్లు? పెట్రోలు పోయు చోట పనిచేయు ఒకడు, తనకిచ్చిన నోటు మీద అనుమానము కలిగి, దాని అంచున ఆ కారు నంబరును పెన్సిలుతో వ్రాసియుంచినాడు. ఆ నోటు బాంకునకు చేరినది. నంబరు హాప్ట్‌మన్ కారుదని తేలినది. కేసు నడిపినది న్యూజెర్సీ రాష్ట్రపు పోలీసులు; కొయ్యను చదివినవాడు అటవీశాఖ ఉద్యోగి. దేశము మాత్రము హూవర్‌ను పొగడినది. ఇందులో అతని ప్రచారదక్షత ఎంతయో, జనుల అమాయకత్వము ఎంతయో విడదీయుట కష్టము.

పోలీసు అధికారులలో హూవర్ వలె వెండితెర శక్తిని గుర్తెరిగినవాడు మరొకడు లేడు. 1931లో జేమ్స్ కాగ్నీ అను నటుడు ‘ది పబ్లిక్ ఎనిమీ’ అను చిత్రములో దొంగల నాయకుడుగా నటించి ప్రేక్షకుల మెప్పు పొందినాడు. దొంగ వేషమునకు చప్పట్లు కొట్టు జనమును చూచి పోలీసు శాఖలవారికి గుండె కలుక్కుమన్నది. నాలుగేండ్లు తిరుగక ముందే, 1935లో, అదే కాగ్నీ ‘జీ మెన్’ అను చిత్రములో ప్రభుత్వ పరిశోధకుడుగా తుపాకి పట్టినాడు. జనము ఈసారి అటు చప్పట్లు కొట్టినది. తరువాత బాలల బొమ్మల కథలలో, రేడియోలో, బొమ్మతుపాకుల మీద హూవర్ శాఖవారే వీరులు. 1959లో జేమ్స్ స్టూవర్టు నటించిన ‘ది ఎఫ్.బి.ఐ. స్టోరీ’ వచ్చినప్పుడు శాఖ దగ్గరనుండి పర్యవేక్షించినది. హూవర్ తానే తెర మీద ఒకచోట కనిపించినాడు. 1965లో మొదలైన దూరదర్శన ధారావాహిక కూడ శాఖ కనుసన్నలలోనే నడచినది. అనగా హూవర్ బ్రదికియున్నంత కాలము అతని జీవితచిత్రమునకు కథకుడు, విమర్శకుడు, సెన్సారు అన్నియు హూవరే.

ఈస్ట్‌వుడ్ చిత్రము చేసిన యుక్తి ఇక్కడ గమనింపదగినది. ఇందులోను కథ చెప్పువాడు హూవరే. వృద్ధుడైన అధిపతి తన గదిలో అటునిటు నడచుచు, వరుసగా వచ్చు పడుచు ఉద్యోగులకు తన వృత్తాంతమును చెప్పి వ్రాయించుచుండును. అతడు చెప్పినది చెప్పినట్లు తెర మీద జరుగుచుండును. బాంబు పడిన రాత్రి, దొంగల నాయకుల నిర్బంధము, లిండ్‌బర్గు బిడ్డ కేసు, అన్నింటను ముందు నడచువాడు అతడే. ప్రేక్షకుడు రెండు గంటల సేపు నమ్మును. తెర మీద కంటితో చూచినదానిని నమ్మకుండుట ఎట్లు? అప్పుడు, చిత్రము ముగియబోవు వేళ, అతని చిరకాల మిత్రుడు, శాఖలో రెండవ స్థానమున ఉన్న క్లైడ్ టాల్సన్, పక్షవాతముతో తడబడు నాలుకతో, నీవు వ్రాయించినదానిలో చాల భాగము అబద్ధమని ముఖము మీదనే చెప్పును. నీవు పట్టితినని చెప్పుకొన్నవారిని పట్టినది ఇతరులు. నీవు అక్కడ లేవు. ఒక్కొక్క మాటకు మునుపు చూచిన దృశ్యము మరల తెర మీదకు వచ్చును. ఈసారి హూవర్ ముందు వరుసలో ఉండడు.

ఈ మందలింపు కవి కల్పన కాదు. 1936లో ఒక సెనేటరు, నీ చేతితో నీవు ఎంతమందిని నిర్బంధించితివని సభలో హూవర్‌ను నిలదీసినాడు. చెప్పుకొనుటకు ఒక్కడును లేడు. నెల తిరుగకుండ, మే 1న, న్యూ ఆర్లియన్సులో ఆల్విన్ కార్పిస్ అను ప్రసిద్ధ దొంగను హూవర్ స్వయముగా పట్టినాడని పత్రికలు వ్రాసినవి. కార్పిస్ తరువాతి కాలమున తన జ్ఞాపకములలో, ఇతరులు తన్ను చుట్టుముట్టి తుపాకులు గురిపెట్టిన పిదపనే హూవర్ చాటునుండి బయటికి వచ్చినాడని వ్రాసికొన్నాడు. దొంగ మాట నమ్ముటయా, దొర మాట నమ్ముటయా అని సందేహించువారు ఒకటి గమనింపవలెను. ఆనాడు అంతమంది పరిశోధకులలో ఒక్కరివద్దను బేడీలు లేకపోయెను. కార్పిస్ చేతులు ఒక మెడపట్టీతో కట్టినారు.

మన తెలుగు తెర మీది పోలీసును తలచుకొన్నచో ఈ చిత్రపు ప్రత్యేకత ఇంకను స్పష్టపడును. కోడి రామకృష్ణగారి ‘అంకుశం’ (1989) చూచి కంట తడిపెట్టనివారు లేరు. ఆ మరుసటి యేడు వచ్చిన ‘కర్తవ్యం’ కిరణ్ బేడీగారి ఉద్యోగజీవితపు ప్రేరణతో అల్లిన కథగా ప్రసిద్ధి. అందలి పోలీసు అధికారిణి పాత్రకు విజయశాంతిగారు జాతీయస్థాయిలో ఉత్తమ నటి బహుమతి అందుకొన్నారు. ఈ చిత్రములలో అధికారి బలమంతయు పిడికిలిలో, గొంతులో, నిజాయితీలో ఉన్నది. అతనికి అడ్డుపడునది రాజకీయ నాయకుని దస్త్రము. అతనికంటూ దస్త్రము లేదు. నిఘా వేయు అధికారి, రహస్యములను కూడబెట్టు అధికారి, ఆ రహస్యములతో మంత్రులను సైతము వణికించు అధికారి మన కథలలో కథానాయకుడుగా కనిపించుట అరుదు. ‘అల్లూరి సీతారామరాజు’ (1974)లో జగ్గయ్యగారు ధరించిన రూథర్‌ఫర్డు పాత్ర ఒక్కటి గుర్తుకు వచ్చుచున్నది. ఎదిరిపక్షపు అధికారియైనను ఆ పాత్రను కేవలము రాక్షసునిగా గీయక, ఒక మనిషిగా నిలబెట్టినారు. ఆ చిత్రపు గొప్పతనములో అదియొక భాగము.

నిజమైన తెలుగు పోలీసు అధిపతి జీవితము కావలెనన్నచో కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారిది ఉన్నది. 1920 మొదలు 1934 వరకు వారు నిజాము రాజధానికి నగర పోలీసు అధిపతి. నిజామునకు ఆంతరంగికులు, అదే చేతితో తెలుగు విద్యార్థుల కొరకు వసతిగృహము నిలిపినవారు. నిరంకుశ ప్రభువు శాంతిభద్రతలను కాపాడుట, ఆ ప్రభువు పాలనలో వెనుకబడిన భాషవారి బిడ్డలకు చదువు చెప్పించుట, ఈ రెండును ఒకే మనిషిలో ఎట్లు ఒదిగినవి? వారి జీవితచరిత్రను సురవరం ప్రతాపరెడ్డిగారు వ్రాసినారు. సురవరమువారు రెడ్డి వసతిగృహ నిర్వహణములో పాలుపంచుకొన్నవారు, కొత్వాలుగారి సన్నిహితులు. సన్నిహితుడు వ్రాసిన చరిత్రలో ప్రేమ ఉండును, లోపలి సంగతులు ఉండును. ఏవి ఉండవో పాఠకుడే ఊహించుకొనవలెను. ఇటీవలి మన జీవితచిత్రములకును ఇదియే చిక్కు. 2019లో నందమూరి తారకరామారావుగారి జీవితము మీద కుమారుడే నిర్మించి నటించిన చిత్రము వచ్చినది. అదే యేడు అదే జీవితము మీద వేరొక చేయి మరొక చిత్రము తీసినది. రెండును చూచినవారికి వారు ఒకే మనిషిని గూర్చి చెప్పుచున్నారని నమ్ముట కష్టమైనది. 2018 నాటి ‘మహానటి’ కొంత తెలివిగా, ఒక పాత్రికేయురాలు విచారించి తెలిసికొన్నట్లుగా సావిత్రిగారి కథను చెప్పినది. కాని అడుగుచున్న ఆమెయు చివరకు అభిమానురాలే అయినది. చెప్పువాడే అబద్ధమాడుచున్నాడని ప్రేక్షకునకు తెలియజెప్పు సాహసము మన జీవితచిత్రములలో ఇంకను రావలసియున్నది.

అబద్ధము తన్ను గూర్చి మాత్రమే అయినచో హూవర్ కథ వినోదముగా ముగిసెడిది. అతని దస్త్రములలో ఇతరుల బ్రదుకులున్నవి. చిత్రములో రాబర్టు కెనడీ న్యాయశాఖాధిపతియై, హూవర్‌ను అదుపులో పెట్టబోవును. హూవర్ ఒక కాగితము తీసి అతని ముందు ఉంచును. అది అతని అన్నగారైన అధ్యక్షుని ఆంతరంగిక జీవితమునకు సంబంధించిన రహస్య నివేదిక. కేకలు లేవు, బెదరింపు లేదు. మీ మేలు కోరి చెప్పుచున్నానను వినయము మాత్రమే ఉన్నది. డికాప్రియో నటన ఈ ఘట్టములో ఉన్నతముగా ఉన్నది. మన కరణము మూట ముడి సగము విప్పి మరల కట్టినట్లుండును.

ఇక మార్టిన్ లూథర్ కింగు విషయము. నీగ్రోలకు సమాన హక్కులు కావలెనని గాంధీమార్గమున పోరాడిన ఆ మహనీయునకు 1964 నోబెల్ శాంతి బహుమతి ప్రకటింపబడినది. ఆయన బసచేసిన గదులలో చాటుగా శబ్దగ్రాహకములు పెట్టించినవారు హూవర్ శాఖవారు. 1964 నవంబరులో హూవర్ పత్రికలవారి ముందు కింగుగారిని దేశములోకెల్ల పేరుమోసిన అబద్ధీకునిగా నిందించినాడు. ఆ నెలలోనే, సంతకము లేని ఒక జాబు, దానితో ఒక ధ్వనిముద్రిక కింగుగారికి పంపబడినవి. నీకు మిగిలిన మార్గము ఒక్కటే అని సూచించు జాబు అది. దానిని ఆయన ఆత్మహత్యకు ప్రేరణగానే గ్రహించినారు. చిత్రములో హూవర్ ఆ జాబును తన కార్యదర్శికి చెప్పి వ్రాయించుట, తరువాత ఒంటరిగా కూర్చుండి కింగుగారు బహుమతి స్వీకరించుట దూరదర్శనములో చూచుట కలవు. జాబు పనిచేయలేదని ఆ ముఖము చూచిన తెలియును. వేలిముద్రను శాస్త్రముగా మార్చిన బుద్ధి, కార్డులు పేర్చిన ఓపిక, అన్నియు కలిసి చివరకు ఒక సంతకము లేని జాబుగా దిగజారినవి. చిత్రములో ఇంతకంటె దుఃఖకరమైన ఘట్టము లేదు.

తెలుగువారికి ఇది దూరదేశపు వింత కాదు. పాట వ్రాసిన నేరమునకు గరిమెళ్ళ సత్యనారాయణగారిని తెల్లదొరలు చెరసాలకు పంపినారు. స్వాతంత్ర్యము వచ్చి ఇరువదినాలుగేండ్లు గడచిన తరువాత, 1971లో, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు అను ముగ్గురు కవులు ముందు జాగ్రత్త నిర్బంధ చట్టము క్రింద జైలు చూచినారు. కవి ఏమి వ్రాసినాడో జనమునకు తెలియును. కవిని గూర్చి పోలీసువారు ఏమి వ్రాసికొన్నారో కవికి తెలియదు.

ఆ 1971 సంవత్సరమే హూవర్ దస్త్రములకు కూడ గండము తెచ్చినది. మార్చి 8 రాత్రి దేశమంతయు మహమ్మదలీ, ఫ్రేజియర్‌ల ముష్టియుద్ధము మీద చెవిపెట్టి యుండగా, పెన్సిల్వేనియా రాష్ట్రములో మీడియా అను చిన్న పట్టణమునందలి ఎఫ్.బి.ఐ. కార్యాలయపు తాళమును ఎనిమిది మంది తెరిచి, దస్త్రములన్నియు మూటగట్టి తీసికొనిపోయినారు. వారు దొంగలు కారు. వారిలో భౌతికశాస్త్రము చెప్పు ఆచార్యుడు ఉన్నాడు, మతతత్త్వము చెప్పు ఆచార్యుడు ఉన్నాడు, పసిపిల్లల తల్లి ఉన్నది. ఆ కాగితములు పత్రికలకు చేరినవి. విద్యార్థి సంఘములలో, నీగ్రో సంఘములలో శాఖవారు వేగులను నాటి, ఒకరిపై ఒకరికి అనుమానము పుట్టించుచుండిరని లోకమునకు తెలిసినది. 1956 నుండి గుట్టుగా నడచిన ఆ పథకమును హూవర్ ఆ యేడే ఆపివేయవలసి వచ్చినది. వేలకొలది వేలిముద్రలు కూడబెట్టిన శాఖ ఆ ఎనిమిది మందిని పట్టలేకపోయినది. వారిలో పలువురు 2014లో తామే పేర్లు బయటపెట్టినారు. ఇంతటి నాటకీయమైన ఘట్టమునకు ఈస్ట్‌వుడ్ చిత్రములో చోటు దక్కకపోవుట పెద్ద లోపము. దస్త్రముల దొరను దస్త్రములే పట్టి ఇచ్చిన కథ అది.

లోపములు ఇంకను కలవు. వృద్ధాప్యపు వేషములు, ముఖ్యముగా టాల్సన్ పాత్రధారికి పూసిన ముఖలేపనము, నాటక సమాజపు పిండి వేషములను జ్ఞప్తికి తెచ్చును. కాలము ముందునకు వెనుకకు దుముకుచుండుట వలన చరిత్ర తెలియని విద్యార్థికి ఏది ఏ సంవత్సరమో బోధపడదు. చూపించదలచినప్పుడు ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద నాలుగు సంవత్సరములు వ్రాసిపెట్టుట మంచిది. హూవర్‌కు, టాల్సన్‌కు నడుమ గల అనురాగమును చిత్రము తన ఊహమేరకు పొడిగించినది. ఇద్దరును అవివాహితులు, కలిసి భుజించినవారు, కలిసి ప్రయాణము చేసినవారు, ఇంతవరకు చరిత్ర. మిగిలినది రచయిత మాట. ఇతరుల పడకటింటి తలుపు దగ్గర చెవిపెట్టిన మనిషి కథను చెప్పుచు మనము కూడ అదే పని చేయవచ్చునా అన్న శంక కలుగకపోదు. కాని రచయిత ఆ ఘట్టములను ఎగతాళికి వాడుకొనలేదు. బాల్యమున నత్తితో బాధపడిన కొడుకును అద్దము ముందు నిలబెట్టి మాటలు దిద్దిన తల్లి, కొడుకు ఆడంగివాడగుట కంటె చచ్చుట మేలనునంత కఠినురాలు. ఆ పాత్రలో జూడీ డెంచ్‌ను చూచినచో, పరుల రహస్యములకై అతడు ఎందుకు అంతగా ఆకలిగొన్నాడో కొంత అర్థమగును. తన రహస్యమును దాచుకొనవలసినవాడే పరుల రహస్యములను వెదకునని చిత్రపు ఊహ.

ఇంకొక చమత్కారము. ఈ చిత్రము తీసిన ఈస్ట్‌వుడ్ 1971లో ‘డర్టీ హారీ’ అను చిత్రమున చట్టమును ప్రక్కకు నెట్టి తుపాకితో న్యాయము తేల్చు పోలీసుగా నటించి లోకప్రసిద్ధుడైనాడు. నలువదియేండ్ల తరువాత, ఎనుబది దాటిన వయస్సులో, చట్టమును ప్రక్కకు నెట్టిన మరొక పోలీసు కథను తీసినాడు. ఈసారి అతని చేతిలో తుపాకి లేదు. చప్పట్లు కొట్టించు సంగీతము లేదు. చిత్రమునకు సంగీతమును కూడ ఈస్ట్‌వుడే కూర్చినాడు. వినబడియు వినబడనట్లుండు ఆ పియానో స్వరములు కథకు తగినవి.

హూవర్ 1972 మే 2న ఉద్యోగములో ఉండగానే తన ఇంటిలో మరణించినాడు. అతని వంటి అధిపతి మరల పుట్టకుండ అమెరికా శాసనసభ కొన్ని కట్టుబాట్లు చేసినది. శాఖాధిపతి నియామకమునకు సెనేటు ఆమోదము కావలెనని 1968లోనే చట్టము చేసినారు. పది సంవత్సరములకు మించి ఆ పదవిలో ఉండరాదని 1976లో నిర్ణయించినారు. 1975, 76లలో సెనేటరు ఫ్రాంక్ చర్చి అధ్యక్షతను విచారణసంఘము కూర్చుండి, కింగుగారికి పంపిన జాబు మొదలు అనేక సంగతులను బయటికి లాగినది.

చిత్రపు చివరి దృశ్యములలో మరణవార్త తెలిసిన అధ్యక్షుడు నిక్సను దూరదర్శనములో ఆ మృతుని ఘనముగా కీర్తించుచుండును. అదే వేళ అతని మనుష్యులు రహస్య దస్త్రముల కొరకు హూవర్ కార్యాలయపు బీరువాలు, సొరుగులు తెరిచి చూచుచుందురు. అవి ఖాళీ. వేరొక గదిలో హెలెన్ గాండీ ఒక్కతె నిలబడి, కాగితములను ఒక్కొక్కటిగా యంత్రపు కోరలకు అందించుచుండును. గ్రంథాలయములో ఆనాడు పెండ్లికి కాదని కొలువునకు ఔనన్న యువతియే ఆమె. 1975లో శాసనసభా సంఘము ఆమెను పిలిచి, నీవు నాశనము చేసినవి ఏమి కాగితములని అడిగినది. అవి ఆయన సొంత జాబులు మాత్రమేనని ఆమె సమాధానము చెప్పినది. కాదని రుజువు చేయుటకు అప్పటికి ఒక్క చీటియు మిగిలియుండలేదు.